వంగిన గాంధారం

(న్యాల్‌కల్‌లో బ్యాండు కాక వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ సభలో జాజ్ సంగీతం గురించి మాట్లాడతానని కబురు చేసినప్పుడు నిర్వాహకులు కాసేపు ఏమీ అనలేదు. వాళ్ళ సందేహం నాకు తెలుసు. కాక నలభై ఏళ్ళు పెళ్ళి బరాతుల్లో, పీర్ గైబ్ సాహెబ్ ఉర్సులో, వినాయక నిమజ్జనాల్లో క్లారినెట్ ఊదిన మనిషి. హైదరాబాద్ దాటి వెళ్ళింది తక్కువ. ఆయనను తలుచుకోవడానికి అమెరికా సంగీతం ఎందుకన్నది ఆ సందేహం. జాజ్ ఎట్లా వినాలో నాకు నేర్పింది కాకే. ఆయన దగ్గర పుచ్చుకున్నదాన్ని ఆయన ఊళ్ళోనే అప్పజెప్పాలని వచ్చాను.

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎండాకాలం సెలవుల్లో నేను కాక బ్యాండులో సైడ్ డ్రమ్ము కొట్టాను. తర్వాత చదువు హైదరాబాద్‌లో. 1987లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన గోనెపట్టా మీద పోసిన క్యాసెట్లలో ఒక బొమ్మ కనపడింది. బుగ్గలు పూరించి, నుదుటి మీద చెమటతో ట్రంపెట్ ఊదుతున్న నల్లటి మొహం. మన బ్యాండులో ట్రంపెట్ అన్న మొహం అచ్చం అట్లానే ఉండేది. ఆ పోలిక చూసే కొన్నాను. పేరు తర్వాత చదివాను: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు టేపు రికార్డరు పట్టుకుని కాక ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని రీడును నాలుక కింద పెట్టుకుని తడుపుతున్నాడు. క్లారినెట్ ఊదేవాళ్ళకు ఇది తెలుసు. ఎండిన రీడు కీచుమంటుంది, మరీ నానితే బరువెక్కి మాట వినదు. నేను ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ పెట్టాను. 1928 జూన్ 28న షికాగోలో రికార్డయిన పాట అది. మొదట్లో ఎవరూ ఉండరు. తాళం లేదు, పియానో లేదు, ట్రంపెట్ ఒక్కటే. పావు నిమిషం కూడా ఉండని ఆ మొదటి ఊదు మెట్లెక్కినట్టు పైకి ఎక్కి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, వంకరటింకరగా దిగి వచ్చి అందరినీ కలుపుకుంటుంది. కాక నోట్లో నుంచి రీడు తీశాడు. “మళ్ళ పెట్టు” అన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు.

“గీయన ఎవరి బరాత్‌ల ఊదుతున్నడు?”

స్టూడియోలో అని చెప్పాను. ఒక గదిలో, మైకు ముందర.

“ముంగట మనుషులు లేరా మరి? ఉన్నట్టే ఊదుతున్నడు గద.”

పాట చివరలో ఆర్మ్‌స్ట్రాంగ్ పై పంచమం దగ్గర ఒకే స్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు ఆవర్తాలు వదలడు. కాక ఆ ఊపిరిని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నేను ట్రంపెట్ గొప్పతనం గురించి ఏదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపి అన్న మాట ఇది: “ఆయన ఊదుడు నువ్వు ఇంటున్నవు. ఎనకున్నోళ్ళు ఆయనను ఎట్ల ఇంటున్నరో అది ఇను.”

తర్వాత ముప్పై ఏళ్ళలో జాజ్ మీద దొరికిన పుస్తకాలు చదివాను. జాజ్ లక్షణాలంటూ చెప్పేవన్నీ వాటిలో ఉన్నాయి. అప్పటికప్పుడు కల్పించడం, స్వింగ్ అనే ఊపు, బ్లూ నోట్స్, కార్డ్స్, ఎవరి గొంతు వారిదిగా ఉండడం. అన్నీ నిజమే. అయితే వాటన్నిటి అడుగున ఉన్నది ఆ అరుగు మీద కాక చెప్పినదే. జాజ్‌లో ఒకరినొకరు వినడం మనకు చెవికి వినపడుతుంది. మిగిలిన లక్షణాలు దానికోసం ఏర్పడినవే అని నా నమ్మకం. ఈ పూట నేను చెప్పబోయేది దాని చుట్టే తిరుగుతుంది.

జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ మిసిసిపి నది సముద్రంలో కలిసే దాపుల్లోని రేవు పట్నం. ఫ్రాన్సు వాళ్ళు ఏలారు, స్పెయిన్ వాళ్ళు ఏలారు, తర్వాత అమెరికాలో కలిసింది. ఎన్నో భాషలు, ఎన్నో తిండ్లు, ఎన్నో దేవుళ్ళు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం అక్కడ ఆదివారాలు ఒక మైదానంలో చేరి తమ తమ వాద్యాలు వాయించుకుని ఆడేవారు. 1817లో పట్నం వాళ్ళు ఆ గుమిగూడడాన్ని ఒకే చోటుకు పరిమితం చేస్తూ చట్టం చేశారు. ఆ చోటే కాంగో స్క్వేర్. అదైనా నయం. దక్షిణ కరోలినాలో బానిసలు తిరగబడ్డాక 1740లో వచ్చిన చట్టం డోలు మోగించడాన్నే నిషేధించింది. డోలు చప్పుడు కబురు మోసుకుపోతుందని యజమానుల భయం. డోలు పోతే చప్పట్లు మిగిలాయి, నేలకు కొట్టే పాదం మిగిలింది, చేలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునే పాట మిగిలింది.

ఎత్తుకోవడం, అందుకోవడం గురించి న్యాల్‌కల్‌లో నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకామె చరణం ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు “ఉయ్యాలో” అని అందుకుంటారు. ఎత్తుకున్నామె ఆ సందులో ఊపిరి తీసుకుని తర్వాతి మాట వెతుక్కుంటుంది. మాట దొరకలేదనుకోండి, అందుకునేవాళ్ళు ఇంకొక చుట్టు సాగదీసి ఆమెకు తెరిపినిస్తారు. ఎవరూ ఎవరికీ చెప్పరు, అది చెవితో జరిగే పని. మన పక్కన మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంగం రేడియో ఇట్లాంటి పాటలను గాలిలో వినిపిస్తోంది. వాటిని ఈసారి పాట కోసం కాకుండా ఆ తెరిపి కోసం వినండి. జాజ్‌లో ట్రంపెట్‌కు క్లారినెట్ జవాబు చెప్పేటప్పుడు జరిగేది అదే.

మనదీ మూడు భాషల సరిహద్దు. పొద్దున్నే బీదర్ బస్సెక్కితే కన్నడం, సంతలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. రేజింతల్ వినాయకుడి దగ్గర ఊదిన కాకే ఉర్సులో కవ్వాలీ ఎత్తుకునేవాడు. పెళ్ళికొడుకు వాళ్ళు కన్నడం వాళ్ళయితే నడక మార్చేవాడు. ఒక చోట నేర్చిన మలుపు ఇంకొక చోట చల్లగా దించేవాడు. సంగీతం ఇట్లాంటి కూడళ్ళలోనే కొత్త చిగురు వేస్తుంది. న్యూ ఆర్లీన్స్‌లో అదే జరిగింది. చర్చి పాట, చేలో కూత, సైనిక బ్యాండుల ఇత్తడి వాద్యాలు, డాన్సు హాళ్ళ నడకలు కలగలిశాయి. మన పెళ్ళి బ్యాండు మూలం కూడా బ్రిటిష్ పటాలాల బ్యాండేనని గుర్తుంచుకోండి. ఒకే రకం వాద్యాలు, వాటిని చేతికందుకున్న వాళ్ళు మాత్రం రెండు సముద్రాలకు అటూ ఇటూ ఉన్నారు.

న్యూ ఆర్లీన్స్ బ్యాండులు పెళ్ళికీ వాయిస్తాయి, చావుకీ వాయిస్తాయి. శవయాత్రలో శ్మశానం దాకా నిదానంగా, బరువుగా దైవ ప్రార్థనలు. ఖననం అయి వెనక్కి తిరిగాక నడక మారిపోతుంది, అదే బ్యాండు వేగం పుంజుకుంటుంది, వెనకాల జనం గొడుగులు తిప్పుతూ ఆడతారు. ఆ జనాన్ని ‘సెకండ్ లైన్’ అంటారు. కాక పోయిన రోజు ముందు డప్పులు నడిచాయి, వెనక మన బ్యాండు నడిచింది. ట్రంపెట్ అన్న పెదవికి ఆనించి ఊదలేకపోయాడు, పెదవి వణికింది. అప్పుడు డప్పు వాళ్ళు దెబ్బ తగ్గించి, ఆయన తేరుకునేదాకా ఒకే వరస మీద నిలబడ్డారు. ఆ రోజు అక్కడున్న వాళ్ళందరికీ ఇది తెలుసు.

న్యూ ఆర్లీన్స్ తొలి పెద్ద పేరు బడ్డీ బోల్డెన్. కార్నెట్ ఊదేవాడు. 1907లో మతి చలించి ఆసుపత్రి పాలయ్యాడు, 1931లో అక్కడే పోయాడు. ఆయన ఊదినది ఒక్క క్షణం కూడా రికార్డు మీద మిగలలేదు. 1917లో మొదటి జాజ్ రికార్డు వచ్చింది, అది తెల్లవాళ్ళ బ్యాండుది. ఈ సంగీతాన్ని కన్నవాళ్ళు ఒకరు, దాని పేరుతో మొదట రికార్డులకెక్కినవాళ్ళు మరొకరు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక ఆ ఊపు సంగతి. స్వింగ్ అంటే ఏమిటని అడిగితే పుస్తకాలు అంకెలు చెబుతాయి. ఒక దెబ్బను రెండు సగాలుగా విడగొడితే మొదటి సగం పొడుగు, రెండో సగం పొట్టి అని. అది సరైన లెక్కే, కానీ చెవికి అందదు. నాకు అందింది మా నాయనమ్మ విసుర్రాయి దగ్గర. తెల్లవారుజామున జొన్నలు విసిరేటప్పుడు రాయి తిరగడంలో ఒక సగం బరువుగా, నిదానంగా వస్తుంది. రెండో సగం జారినట్టు పోతుంది. ‘గుర్ర్‌ర్-ర, గుర్ర్‌ర్-ర’. రెండూ సమానంగా ఉంటే చెయ్యి నొప్పి పెడుతుంది, పాట రాదు. ఆ అసమానంలోనే పాట కూర్చుంటుంది. జాజ్ డ్రమ్మరు కుడిచేత్తో పెద్ద తాళం పళ్ళెం మీద మోగించేది ఆ విసుర్రాయి నడకే. వేగం పెరిగిన కొద్దీ ఆ రెండు సగాలూ దగ్గరవుతాయి, తగ్గితే దూరమవుతాయి. దానికి తోడు చప్పట్లు మొదటి, మూడో దెబ్బల మీద కాకుండా రెండో, నాలుగో దెబ్బల మీద పడతాయి. పిల్లలూ, ఇంటికి పోయాక ఒకటి రెండు మూడు నాలుగు అని నడుస్తూ రెండు దగ్గర, నాలుగు దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టి చూడండి. నడక తేలికవుతుంది.

బిల్లీ హాలిడే అని ఒక గాయని ఉండేది. గొంతు పెద్దది కాదు, అందుకునే స్వరాలు కూడా ఎక్కువ కాదు. ఆమె పాట దెబ్బకు రవంత వెనక నడుస్తుంది. వెనకబడ్డట్టు ఉండదు, నిలబడి ఆలోచించి అన్నట్టు ఉంటుంది. వాద్యకారులు ఆమె కోసం దెబ్బను ఆపరు, ఆమె కూడా తొందరపడదు. నడుమ ఆ సందు మాత్రం సన్నటి తీగలాగా బిగిసి ఉంటుంది. ఆ సందు వినపడడం మొదలైతే ఇక జాజ్ పరాయిదిగా ఉండదు.

ఈ ఉపన్యాసానికి పెట్టిన పేరు సంగతికి వస్తాను. భజన మండలిలో హార్మోనియం వాయించేవాళ్ళు ఇక్కడున్నారు. వాళ్ళకు తెలిసిన ఇబ్బంది ఒకటుంది. పాడే ముసలాయన ఒక్కోసారి రెండు మెట్ల నడుమ ఉన్న స్వరం పాడతాడు. సాధారణ గాంధారం కాదు, అంతర గాంధారం కాదు, రెండింటి మధ్య ఎక్కడో. హార్మోనియం ఆయన ఈ మెట్టు నొక్కి చూస్తాడు, ఆ మెట్టు నొక్కి చూస్తాడు, చివరికి ఊరుకుంటాడు. అది అపస్వరం కాదు. దుఃఖానికీ, ఊరటకూ నడుమ ఉన్న స్వరం. అమెరికా నల్లవాళ్ళ పాటల్లోనూ సరిగ్గా అదే గాంధారం వంగుతుంది, నిషాదం కూడా వంగుతుంది. ఐరోపా నుంచి వచ్చిన పియానోలో దానికి మెట్టు లేదు. వాళ్ళు దాన్ని బ్లూ నోట్ అన్నారు. పియానో వాళ్ళు రెండు మెట్లూ ఒక్కసారే నొక్కి ఆ వంపును సూచించేవారు. ట్రంపెట్, క్లారినెట్ వాళ్ళకు ఆ బాధ లేదు, పెదవి సడలిస్తే చాలు. కాక రీడు మీద పెదవి వదులు చేసి, వేలును రంధ్రం మీద నుంచి ఒక్క నువ్వుగింజంత జరిపి ఆ గాంధారాన్ని వంచేవాడు. అప్పగింతల పాటలో అది వచ్చినప్పుడు పెళ్ళికూతురి తల్లి ఏడ్చేది. నేను డ్రమ్ము మీద పుల్లలు ఆపేసేవాణ్ణి, కొట్టాలనిపించేది కాదు.

ఈ వంగిన స్వరాలకు ఇల్లు బ్లూస్. బ్లూస్ పాట నిర్మాణం పన్నెండు ఆవర్తాలు, ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు. ఒక మాట అంటారు, అదే మాట మళ్ళీ అంటారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. దాని కింద కార్డ్స్ మారుతుంటాయి. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే మోగిస్తే అది కార్డ్. మన సంగీతానికీ జాజ్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది కనుక కాసేపు ఆగుతాను.

మన రాగంలో శ్రుతి కదలదు. తంబూర చెప్పే షడ్జం పాట అయ్యేదాకా అదే నేల. గాయకుడు ఆ నేల మీద ఎంత దూరమైనా తిరిగి వస్తాడు. జాజ్‌లో నేలే మారుతుంటుంది. మన దిక్కు చెలకల్లో నడిచినవాళ్ళకు ఇది తెలుస్తుంది. ఎర్ర నేలలో నాలుగడుగులు వేసి గట్టు దాటితే నల్లరేగడి. కాలి కింద తేడా వెంటనే తెలుస్తుంది, నడక దానికి తగ్గట్టు మారుతుంది. బ్లూస్‌లో మొదటి నాలుగు ఆవర్తాలు షడ్జం చెలకలో నడక, రెండు మధ్యమంలో, తిరిగి రెండు షడ్జంలో, తర్వాత పంచమంలో ఒకటి, మధ్యమంలో ఒకటి, చివరి రెండు ఇంటి దగ్గర. వాయించేవాడు ఏ గట్టు ఎప్పుడు వస్తుందో మనసులో లెక్క పెట్టుకుంటూనే, లెక్క పెడుతున్నట్టు కనపడకుండా పాట అల్లాలి. చుట్టు పూర్తయితే మళ్ళీ మొదటికి. ముందు అందరూ కలిసి అసలు పాట వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరు చుట్టు తర్వాత చుట్టు తమ ఊహ వాయిస్తారు, చివర అందరూ మళ్ళీ అసలు పాట దగ్గర కలుస్తారు. కృతి పాడి, కల్పన స్వరాలు వేసి, పల్లవి ఎత్తుగడకు వచ్చి వాలడం ఎరిగిన చెవికి ఈ నడక కష్టం కాదు.

1940లలో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ లాంటివాళ్ళు ఆ చెలకలను చిన్న చిన్న మడులుగా కోసి, ప్రతి రెండు దెబ్బలకు ఒక గట్టు పెట్టి, గుర్రం వేగంతో దాటారు. దాని పేరు బీబాప్. అందరికీ అందలేదు, అందాలని వాళ్ళూ అనుకోలేదు. 1959లో మైల్స్ డేవిస్ అటునుంచి తిరిగి వచ్చి గట్లు తీసేశాడు. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అన్న ఆల్బమ్‌ను రెండు రోజుల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న రికార్డు చేశారు. వాద్యకారుల చేతికి పూర్తి పాట ఇవ్వలేదు, ఏ స్వరాల మీద తిరగాలో గీతలు మాత్రం ఇచ్చాడు. అందులో మొదటి పాట ‘సో వాట్’. మొదటి పదహారు ఆవర్తాలు ఒకే మేళం మీద నడుస్తుంది, ఎనిమిది ఆవర్తాలు అదే మేళం అర మెట్టు పైకెక్కుతుంది, తిరిగి కిందికి వస్తుంది. ఆ మేళం స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. మేళకర్త తెలిసిన తెలుగువాడు ఆ రికార్డు వింటే ఒక గది తలుపు తెరుచుకున్నట్టే ఉంటుంది. గమకం కోసం మాత్రం వెతకకండి, దొరకదు. మైల్స్ వదిలేసిన ఖాళీలను వినండి. ఎన్ని స్వరాలు వాయించాడో దాదాపు అన్నీ ఊదకుండా వదిలాడు. ఆ ఖాళీల్లో బాస్ తీగ నడుస్తూ ఉంటుంది.

ఈ రెండు దారులూ కలిసిన చోట మన తెలుగు పిల్లవాడు ఒకడు ఉన్నాడు. ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్ శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణ మాండొలిన్‌ను చేతికందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. పాడేవాడు, పిల్లవాడు విని తీగ మీద పట్టేవాడు. ఇది నాకు చాలా పెద్ద సంగతిగా తోస్తుంది. ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతం ఎట్లా వాయించాలో చూపించే చెయ్యి ఎదురుగా లేదు, చెవి ఒక్కటే దారి. నాలుగు జంట తీగలున్న వాద్యం మీద గమకం నిలవదని అయిదు ఒంటి తీగలు పెట్టి, కరెంటు ఎక్కించి, ఆ వాద్యాన్ని తన చెవికి లొంగదీసుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్ళకు, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారు విద్వాంసుడు మైల్స్ డేవిస్‌తో 1969లో ‘ఇన్ ఎ సైలెంట్ వే’లో వాయించాడు. తర్వాత జాకీర్ హుసేన్, ఎల్. శంకర్, విక్కు వినాయక్‌రామ్‌లతో ‘శక్తి’ బృందం కట్టాడు. రెండు దశాబ్దాల తర్వాత దాన్ని ‘రిమెంబర్ శక్తి’ పేరుతో తిరిగి మొదలుపెట్టాక శ్రీనివాస్ అందులో చేరాడు. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ వినండి. గిటారు ఒక మాట అంటుంది, మాండొలిన్ దాన్ని తిరగేసి చెబుతుంది, మాటలు పొట్టివవుతూ చివరికి ఒక్కొక్క అక్షరం దాకా వస్తాయి. జాజ్‌లో నాలుగేసి ఆవర్తాలు పంచుకుని వంతులవారీగా వాయించే పద్ధతి ఉంది. మన దగ్గర తని ఆవర్తనంలో మృదంగం, ఘటం అదే పని చేస్తాయి. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో ఆ రికార్డులో చెప్పడం కష్టం.

శ్రీనివాస్ వాయించినది జాజ్ అవునా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాదు. నేల కదలడం, కార్డ్ మీద కార్డ్ దాటడం ఆయన దారి కాదు. ఆయన రాగం వదల్లేదు, వదలాల్సిన అవసరమూ లేదు. కానీ మెక్‌లాఫ్లిన్ ఊహించని చోట ఆగినప్పుడు శ్రీనివాస్ మొహంలో విచ్చుకునే ఆ నవ్వు, వెంటనే ఆ ఆగిన చోటునే తన ఎత్తుగడగా చేసుకోవడం మాత్రం పక్కా జాజ్ గుణం. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, నలభై అయిదేళ్ళకే ఆయన పోయాడు. ఆ వార్త కాకకు నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపటికి, “ఇనేటోడు పోయిండు” అన్నాడు.

జాజ్ మనకు శ్రీనివాస్ కంటే ముందే, పేరు చెప్పకుండా వచ్చింది. 1935లో లియాన్ ఆబీ అనే నల్లజాతి వాద్యకారుడు తన బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చాడు. తర్వాత టెడ్డీ వెదర్‌ఫోర్డ్ లాంటివాళ్ళు వచ్చారు. వాళ్ళను విని, వాళ్ళ పక్కన కూర్చుని గోవా క్రైస్తవ వాద్యకారులు జాజ్ పట్టుకున్నారు. హోటళ్ళలో రాత్రి జాజ్, పగలు సినిమా స్టూడియోలో రికార్డింగు. చిక్ చాకొలేట్ అని పేరు పడ్డ ట్రంపెట్ వాద్యకారుడు సంగీత దర్శకుడు సి. రామచంద్రతో పని చేశాడు. 1957లో ‘ఆశా’ సినిమాకు రామచంద్ర కట్టిన ‘ఈనా మీనా డీకా’ను కాక ఎన్ని బరాతుల్లో ఊదాడో లెక్కలేదు. మిసిసిపి ఒడ్డు గాలి తాజ్ హోటల్ మీదుగా, స్టూడియో మీదుగా, రేడియో మీదుగా మన హద్నూర్ బాట మీదకు అట్లా చేరింది. ఎవరూ దాన్ని జాజ్ అనలేదు, కాక దాన్ని తనదే అనుకుని వాయించాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ సంగీతం సగమే అవుతుంది. 1927 చివర నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందం న్యూయార్క్ హార్లెమ్‌లోని కాటన్ క్లబ్‌లో వాయించేది. వేదిక మీద నల్లవాళ్ళు, బల్లల దగ్గర కూర్చుని వినేవాళ్ళు తెల్లవాళ్ళు. నల్లవాళ్ళకు అక్కడ శ్రోతగా చోటు లేదు. 1950ల నుంచి అమెరికా ప్రభుత్వమే జాజ్ బృందాలను ప్రపంచమంతా తిప్పింది. డేవ్ బ్రూబెక్ 1958లో, ఎలింగ్టన్ 1963లో మన దేశానికి ఆ విధంగానే వచ్చారు. బ్రూబెక్ బృందంలో బాస్ వాయించే యూజీన్ రైట్ నల్లవాడు. ఆయనను తప్పించి రమ్మని దక్షిణాది కాలేజీలు అడిగితే బ్రూబెక్ 1960లో చాలా కచేరీలు వదులుకున్నాడు. 1957లో లిటిల్ రాక్‌లో నల్ల పిల్లలను బడి గడప తొక్కనివ్వనప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున రష్యా వెళ్ళనని తెగేసి చెప్పాడు.

వేరే దేశం అన్యాయం చెప్పి ఊరుకోలేను. డప్పు లేనిదే మన ఊళ్ళలో పెళ్ళి కదలదు, శవం లేవదు. ఆ డప్పు కొట్టడాన్ని వెట్టిగా చేయించుకున్న ఊళ్ళు ఇవే. నా చిన్నప్పుడు ఒక పెళ్ళిలో మా బ్యాండును పందిరి వెనక, పొయ్యిల పక్కన, అందరూ తిన్నాక కూర్చోబెట్టారు. మధ్యాహ్నం మూడయింది. కాక అన్నం కలుపుతూ ఏమీ అనలేదు. తిన్నాక క్లారినెట్ తీసి, ఎవరూ అడగకుండానే, అక్కడే ఆ పొయ్యిల దగ్గర ఒక పాట ఊదాడు. వంటవాళ్ళు పని ఆపి విన్నారు. పందిట్లోవాళ్ళు లేచి వెనకవైపు వచ్చారు. ఆ పాటలో గాంధారం ఎంత వంగిందో నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. జాజ్‌లో ఎవరి గొంతు వారిదిగా ఉండాలన్న పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆ రోజు అర్థమైంది. మనిషిగా పేరు పెట్టి పిలవని చోట వాద్యమే పేరు చెప్పాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ గరగర గొంతును, మైల్స్ సన్నటి ట్రంపెట్‌ను రెండు స్వరాలకే గుర్తుపట్టగలం. కాకను హద్నూర్ మలుపు అవతల నుంచి గుర్తుపట్టేవాళ్ళం.

చివరిగా ఒక తప్పు గురించి. పియానిస్టు హెర్బీ హ్యాన్‌కాక్ ఒక అనుభవం చాలాచోట్ల చెప్పాడు. 1960లలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో కచేరీ. మైల్స్ డేవిస్ మంచి ఊపు మీద ఉన్నాడు. సరిగ్గా ఆయన ఎత్తుకోబోయే ముందు హ్యాన్‌కాక్ చెయ్యి పూర్తిగా తప్పు కార్డ్ మీద పడింది. చెవులు మూసుకున్నాడు. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు కార్డ్‌ను సరైనదిగా చేసే స్వరాలు వాయించాడు. దాన్ని తప్పుగా వినలేదు, జరిగిన సంగతిగా విన్నాడు అంటాడు హ్యాన్‌కాక్.

ఇది చదివేటప్పటికి నాకు నలభై దాటాయి. చదువుతూ చదువుతూ పుస్తకం మూసేశాను. హద్నూర్ బరాతులో, పదిహేనేళ్ళ వయసులో, పాట మారే చోట నేను ఒక దెబ్బ ముందు దూకాను. ఒళ్ళు చల్లబడింది. కాక వెనక్కి తిరిగి చూడలేదు. తన వరసలో ఒక దెబ్బ మింగి, నేను దూకిన చోటుకు తానే వచ్చి కలిశాడు. ఆడేవాళ్ళ కాళ్ళు తడబడలేదు. రాత్రి తిరిగి వస్తుంటే తప్పు చేశానని ఒప్పుకున్నాను. “తప్పు కొట్టినవని నీకు దెల్సు, నాకు దెల్సు. నువ్వు ఏడున్నవో ఇన్న, ఆడికే వచ్చిన. గంతే బిడ్డా” అన్నాడు.

ముందు చాపల మీద కూర్చున్న ఈ పిల్లలు నెల రోజులుగా బడి అయ్యాక ఇక్కడే సాధన చేశారు. బతుకమ్మ వరస ఒకటి తీసుకున్నారు. మొదటిసారి మనకు తెలిసినట్టే వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు ఒక్కో చుట్టు తమ సొంతంగా అల్లుతారు. ఏం అల్లుతారో వాళ్ళకూ తెలియదు, నాకూ చెప్పలేదు. “ఉయ్యాలో” దగ్గర మీరంతా అందుకోవాలి. ఎవరికైనా స్వరం దొరక్కపోతే ఇంకొక చుట్టు సాగదీయండి. కాక క్లారినెట్ ఆయన మనవరాలి చేతిలో ఉంది. చాలాసేపటి నుంచి రీడు నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది, తడిసినట్టే ఉంది. సైడ్ డ్రమ్ముకు మనిషి లేడన్నారు. నేను అటు వెళ్తున్నాను.